నిలకడగా ఉన్నా నిద్రపోని వ్యవస్థలు: సమతాస్థితికి బయట ప్రావస్థల మార్పు

230 మీటర్ల చుట్టుకొలత ఉన్న గుండ్రటి ట్రాక్. దాని మీద 22 కార్లు. సిగ్నల్ లేదు, దారి ఇరుకయ్యే చోటు లేదు, ఎక్కడా గుంత లేదు. డ్రైవర్లందరికీ చెప్పింది ఒకటే: గంటకు 30 కిలోమీటర్ల వేగంతో, ముందు కారుకు తగలకుండా సాఫీగా తిరుగుతూ ఉండండి. జపాన్ పరిశోధకులు 2008లో ప్రచురించిన ప్రయోగం ఇది. మొదట్లో అంతా బాగానే సాగింది. కాసేపటికి ఒక కారు కొంచెం నెమ్మదించింది. వెనక కారు ఇంకొంచెం గట్టిగా బ్రేక్ వేసింది, ఆ వెనకది మరీ గట్టిగా వేసింది. చూస్తుండగానే కొన్ని కార్లు పూర్తిగా ఆగిపోయాయి. ఆ జామ్ ఒకచోట నిలవలేదు కూడా. ముందు వరసలో ఉన్న కార్లు ఒక్కొక్కటే బయటపడుతుంటే, వెనక కొత్తవి వచ్చి చేరుతుంటే, జామ్ మాత్రం గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగంతో వెనక్కి ప్రయాణం చేసింది.

ఇందులో తప్పు ఏ ఒక్క డ్రైవర్‌దీ కాదు. కార్ల సాంద్రత ఒక హద్దు దాటింది, ఆ హద్దు అవతల సాఫీ ప్రవాహం నిలబడలేదు, అంతే. నీరు మంచుగా మారడం గుర్తొస్తుంది కదా? అలాంటి మార్పునే ప్రావస్థ మార్పు అంటారు. ఆ పోలిక చాలావరకు సరైనదే. కానీ నీరు మంచయ్యే తీరును వివరించే లెక్కను తెచ్చి ఇక్కడ వాడదామంటే కుదరదు. ఎందుకు కుదరదో, దాని బదులు ఏం చేస్తారో చెప్పాలంటే ముందు మంచు లెక్క దగ్గరికే వెళ్లాలి.

శక్తి తెలిస్తే చాలు అనే సదుపాయం

మూత పెట్టి వదిలేసిన నీళ్లను ఊహించుకోండి. బయటి నుంచి వేడి రావడం లేదు, లోపలి నుంచి పోవడం లేదు. ఇలా ఉండటాన్నే సమతాస్థితి అంటారు. అందులోని అణువులు లెక్కలేనన్ని అమరికల్లో ఉండొచ్చు. ఒక్కో అమరికకు ఒక్కో బరువు ఉంటుంది, అంటే అది కనిపించే అవకాశం. ఆ బరువు రెండిటి మీదే ఆధారపడుతుందని 19వ శతాబ్దంలో బోల్ట్జ్‌మన్ చూపించారు: ఆ అమరికకు ఉన్న శక్తి, చుట్టూ ఉన్న ఉష్ణోగ్రత. శక్తి పెరిగితే బరువు తగ్గుతుంది, ఎంత త్వరగా తగ్గుతుందో ఉష్ణోగ్రత తేలుస్తుంది. వ్యవస్థ ఆ అమరికలోకి ఏ దారిన వచ్చింది, ఎంతసేపట్లో వచ్చింది అని అడగాల్సిన పనే లేదు. సాంఖ్యక భౌతికశాస్త్రం సాధించిన విజయాల్లో చాలా భాగం ఈ ఒక్క సదుపాయం పుణ్యమే.

ఈ సదుపాయంతో ఏం చేయొచ్చో ఐసింగ్ మోడల్ చూపిస్తుంది. గళ్ల కాగితం మీద ప్రతి గడిలో ఒక చిన్న అయస్కాంతం ఉందనుకోండి. అది పైకైనా చూడాలి, కిందికైనా చూడాలి. పక్కవాటితో ఒకే వైపు చూస్తే శక్తి తక్కువ, ఎదురు తిరిగితే ఎక్కువ. 1944లో లార్స్ ఆన్సేగర్ ఈ చదరపు గళ్ల లెక్కను పూర్తిగా తేల్చారు. ఇరుగుపొరుగు బంధం బలాన్ని 1 అనుకుంటే, ఉష్ణోగ్రత 2.269 కన్నా తక్కువైనప్పుడు అయస్కాంతాల్లో ఎక్కువ భాగం ఒకే వైపు తిరుగుతాయి. అంతకన్నా ఎక్కువైతే పైకి చూసేవీ కిందికి చూసేవీ సగం సగం.

అదే అయస్కాంతాలను గళ్లలో కాకుండా ఒకే వరుసలో పేరిస్తే? ఎర్నెస్ట్ ఐసింగ్ 1925లోనే దీనికి జవాబు చెప్పారు: మార్పే ఉండదు. కారణం చాలా సులువు. వెయ్యి అయస్కాంతాలు పైకి చూస్తున్నాయి. ఒకచోట గీత గీసి, అక్కడి నుంచి అన్నిటినీ కిందికి తిప్పేద్దాం. తెగేది గీత దగ్గరున్న ఒక్క బంధమే. ఆ గీత పెట్టడానికి మాత్రం దాదాపు వెయ్యి చోట్లు ఉన్నాయి. వరుస పొడవు పెరిగేకొద్దీ ఖర్చు పెరగదు, చోట్లు పెరుగుతూ పోతాయి. అందుకే ఉష్ణోగ్రత సున్నా కానంతవరకు ఎక్కడో ఒకచోట గీతలు పుడుతూనే ఉంటాయి, క్రమం చెదురుతూనే ఉంటుంది. దగ్గరివాటితో మాత్రమే బంధాలున్న ఒకే వరుసకు, సమతాస్థితిలో, ప్రావస్థ మార్పు లేదు. ఈ వాక్యాన్ని గుర్తుంచుకోండి. కాసేపట్లో దీన్నే దాటబోతున్నాం.

మారకపోవడం వేరు, సమతాస్థితి వేరు

ఇనుప కడ్డీ ఒక కొసను మరిగే నీటిలో, రెండో కొసను మంచులో ఉంచితే కాసేపటికి కడ్డీలో ప్రతిచోటా ఉష్ణోగ్రత ఒక విలువ దగ్గర ఆగిపోతుంది. ఎన్ని గంటలు చూసినా మారదు. అయినా ఇది సమతాస్థితి కాదు, వేడి ఆ చివర నుంచి ఈ చివరకు ఆగకుండా పారుతూనే ఉంది. దీన్ని నిలకడ స్థితి అందాం.

ఈ తేడాను ఇంకా దగ్గర నుంచి చూడటానికి మూడు గదులు చాలు. ఒక కణం ఒకటో గదిలోంచి రెండులోకి, రెండులోంచి మూడులోకి, మూడులోంచి మళ్లీ ఒకటిలోకి ఒకే రేటుతో గెంతుతుంది, వెనక్కి మాత్రం ఎప్పుడూ వెళ్లదు. కణం ఏ గదిలో దొరుకుతుంది? మూడింటిలోనూ సమానంగా, మూడో వంతు అవకాశం. ఇప్పుడు నియమం మారుద్దాం. కణం ముందుకీ వెనక్కీ సమాన అవకాశంతో గెంతొచ్చు. ఇప్పుడూ మూడో వంతే. ఎన్ని ఫోటోలు తీసినా రెండింటికీ తేడా పట్టుకోలేం. వీడియో తీస్తే తేడా ఇట్టే తెలిసిపోతుంది. రెండోదాన్ని వెనక నుంచి ముందుకు నడిపినా మామూలుగానే ఉంటుంది. మొదటిదాన్ని అలా నడిపితే కణం ఎన్నడూ వెళ్లని దిక్కులో వెళ్తూ కనిపిస్తుంది.

సమతాస్థితి అంటే ఇదే. ఏ రెండు స్థితుల మధ్య చూసినా పోయినంత వస్తుంది, వచ్చినంత పోతుంది. భౌతికశాస్త్రవేత్తలు దీన్ని డీటెయిల్డ్ బ్యాలెన్స్ అంటారు. ఈ రాకపోకల లెక్క సరిపోకపోతే లోపల ఎక్కడో ఒక ప్రవాహం తిరుగుతూ ఉన్నట్టు. అలాంటి చోట అమరికలకు బరువులు ఉండవని కాదు. ఉంటాయి. కానీ శక్తి చూసి వాటిని రాసేయడం కుదరదు. ఒక్కో మోడల్‌కు దాని నియమాల్లోంచే, మొదటి నుంచి తవ్వి తీయాలి. శక్తికి బదులు ఇక్కడ రెండు ప్రశ్నలు ముందుకొస్తాయి: ప్రవాహం ఎక్కడి నుంచి ఎక్కడికి? ఏ అడుగు వేస్తే వెనక్కి రాలేం? నాకు అర్థమైనంతలో ఈ రంగం మొత్తానికీ ఈ రెండు ప్రశ్నలే రెండు తలుపులు. ఒక్కోటి తెరిచి చూద్దాం.

ఒకే వరుస, రెండు గుమ్మాలు

జీవకణంలో ప్రొటీన్ తయారయ్యేటప్పుడు ఎంఆర్‌ఎన్‌ఏ అనే పొడవాటి పోగు మీద రైబోజోమ్‌లు వరసగా నడుస్తాయి. ఒకటి మరొకదాన్ని దాటి పోలేదు. 1968లో మెక్‌డొనాల్డ్, గిబ్స్, పిప్కిన్ దీనికోసం ఒక మోడల్ రాశారు. ఇప్పుడు దాన్ని టాసెప్ అని పిలుస్తారు. నియమాలు ఇంతే: గళ్ల వరుస ఉంటుంది, ఒక గడిలో ఒక కణానికే చోటు. ప్రతి కణం కుడివైపుకే గెంతుతుంది, అదీ ముందు గడి ఖాళీగా ఉంటేనే. ఈ గెంతే రేటును 1 అందాం. ఎడమ చివర మొదటి గడి ఖాళీగా ఉంటే ఒక రేటుతో కొత్త కణం లోపలికి వస్తుంది. కుడి చివర ఉన్న కణం మరో రేటుతో బయటికి పోతుంది. మధ్యలో ఏ గడికీ ప్రత్యేకత లేదు.

ముందు మధ్య భాగం చూద్దాం. ఒక గెంతు జరగాలంటే ఇక్కడ కణం ఉండాలి, ముందు ఖాళీ ఉండాలి. కనుక ప్రవాహం అంటే సాంద్రత ఇంటూ ఖాళీ. సాంద్రత 0.2 అయితే ప్రవాహం 0.2 × 0.8, అంటే 0.16. సాంద్రత 0.8 అయితే 0.8 × 0.2, మళ్లీ 0.16! దారి దాదాపు ఖాళీగా ఉన్నా, దాదాపు నిండిపోయినా బయటికి వచ్చేది ఒకటే. అత్యధిక ప్రవాహం సరిగ్గా సగం నిండినప్పుడు వస్తుంది, అది 0.25.

ఇప్పుడు గుమ్మాలు. ప్రవేశ రేటు 0.2, నిష్క్రమణ రేటు 0.3 అనుకుందాం. ఎడమ గుమ్మం తన పక్కన 0.2 సాంద్రత ఉండాలంటుంది. కుడి గుమ్మం దగ్గర కణాలు పోగుపడతాయి కనుక అది 1లోంచి 0.3 తీసేస్తే వచ్చే 0.7 సాంద్రతను కోరుకుంటుంది. రెండూ ఒకే వరుసలో ఉన్నాయి, ఇద్దరి మాటా చెల్లాలి. అందుకే మధ్యలో ఎక్కడో ఒక గోడ ఏర్పడుతుంది: దానికి ఎడమన పలుచగా, కుడిన చిక్కగా. ఎడమ భాగం గోడ దగ్గరికి 0.16 చొప్పున కణాల్ని తెస్తుంది. కుడి భాగం 0.7 × 0.3, అంటే 0.21 చొప్పున తీసుకుపోతుంది. వచ్చేదానికన్నా పోయేది 0.05 ఎక్కువ, కనుక జామ్ కరుగుతుంది, గోడ కుడికి జరుగుతుంది. ఎంత వేగంతో? రెండు వైపులా సాంద్రతల తేడా 0.5. 0.05ని 0.5తో భాగిస్తే 0.1. ఒకసారి ఆ 0.1ని మళ్లీ చూడండి. అది నిష్క్రమణ రేటులోంచి ప్రవేశ రేటును తీసేస్తే వచ్చేదే. ఈ లెక్క ఇక్కడ కాకతాళీయంగా కుదిరింది కాదు. రెండు రేట్లూ 0.5 కన్నా తక్కువున్నంత కాలం గోడ వేగం ఎప్పుడూ ఆ తేడాయే.

అందుకని గోడ కుడి చివరకు చేరి బయటికి పోతుంది. వరుస మొత్తం 0.2 సాంద్రతతో తేలిగ్గా ప్రవహిస్తుంది. రేట్లను అటూ ఇటూ మార్చి ప్రవేశం 0.3, నిష్క్రమణ 0.2 చేస్తే గోడ ఎడమకు నడిచి, మొదటి గడి దాకా జామ్ నిండిపోతుంది. సాంద్రత 0.8. ప్రవాహం రెండు సందర్భాల్లోనూ 0.16 అయినా లోపలి దృశ్యాలు పూర్తిగా వేరు. ప్రవేశ రేటును మెల్లగా పెంచుతూ నిష్క్రమణ రేటును దాటించిన క్షణంలో వరుస మొత్తం ఒక్కసారిగా పలుచన నుంచి చిక్కదనానికి దూకుతుంది. నీరు ఆవిరైనట్టే ఇది కూడా దూకుడు మార్పు. అదీ ఒకే వరుసలో, పక్క గడిని తప్ప ఎవరినీ పట్టించుకోని కణాలతో! ఇందాక గుర్తుంచుకోమన్న వాక్యం ఇక్కడ చెల్లలేదు. ఆ వాక్యంలో 'సమతాస్థితిలో' అన్న మాట ఎంత బరువు మోస్తుందో ఇప్పుడు తెలుస్తుంది.

రెండు రేట్లూ సరిగ్గా సమానమైతే? ఉదాహరణకు రెండూ 0.25. గోడకు ఎటు వెళ్లాలన్న మొగ్గు ఉండదు. ఎటు పడితే అటు తూలుతూ వరుసంతా తిరుగుతుంది. నేను మొదటిసారి దీన్ని కంప్యూటర్‌లో నడిపి, చాలాసేపటి సగటు సాంద్రతను గీసి చూసినప్పుడు గోడ కనిపించలేదు. ఎడమన 0.25 దగ్గర మొదలై కుడిన 0.75 దాకా తిన్నగా ఎక్కిన వాలు గీత వచ్చింది. ప్రోగ్రామ్‌లో తప్పుందేమోనని రెండుసార్లు వెతికాను. తర్వాత సగటు మానేసి ఒక్కో క్షణాన్ని విడిగా చూస్తే ప్రతి క్షణంలోనూ గోడ నిటారుగా ఉంది. అది అన్నిచోట్లా సమానంగా తిరగడం వల్ల సగటులో వాలుగా కనబడింది. సమతాస్థితికి బయట సగటును మాత్రమే నమ్ముకోకూడదని నాకు ఆ రోజు తెలిసొచ్చింది.

రెండు రేట్లూ 0.5 దాటితే మూడో ప్రావస్థ వస్తుంది. ప్రవాహం 0.25 దగ్గర ఆగిపోతుంది, గుమ్మాలు ఎంత వెడల్పు చేసినా పెరగదు. మధ్యలో సాంద్రత సగం. అయితే గుమ్మాల ప్రభావం అక్కడితో తెగిపోదు. గుమ్మం నుంచి దూరం 4 రెట్లయితే సాంద్రతలో తేడా తగ్గేది సగమే. సమతాస్థితిలో ఇంత దూరాలు వ్యాపించే ప్రభావం సరిగ్గా సందిగ్ధ బిందువు దగ్గరే, అంటే ఐసింగ్ మోడల్‌లో 2.269 లాంటి హద్దు ఉష్ణోగ్రత దగ్గరే, కనిపిస్తుంది. ఉష్ణోగ్రతను అక్కడికి తెచ్చి నిలపాలి. ఇక్కడ ఏ మీటా సరిచేయకుండా ప్రావస్థ మొత్తం అలాగే ఉంటుంది.

సరిహద్దులే ప్రావస్థను తేలుస్తాయని 1991లో యోఆకిమ్ క్రుగ్ చూపించారు. 1993లో డెరిడా, ఎవాన్స్, హకీమ్, పాస్కియే కలిసి మాత్రికల సాయంతో మోడల్‌ను పూర్తిగా సాధించారు. అదే సంవత్సరం షుట్జ్, డొమాని కూడా మరో దారిలో అదే జవాబుకు చేరారు. నన్ను అడిగితే ఈ మొత్తం రంగంలో ఇంతకన్నా అందమైన ఫలితం లేదు. సమతాస్థితిలో ఉన్న పెద్ద అయస్కాంతం అంచున ఏ చిన్న మార్పు చేసినా, రెండు ప్రావస్థలు సరిసమానంగా పోటీపడుతున్నప్పుడు తప్ప, లోపలి భాగం ఏ ప్రావస్థలో ఉందన్నది మారదు. ఇక్కడ మైళ్ల దూరంలో ఉన్న గుమ్మం మధ్య గడి రాతను రాస్తుంది. అంత దూరం ఆ వార్తను మోసుకొచ్చేది కణాల మధ్య బంధం కాదు, ప్రవాహం.

ఆరిపోతే మళ్లీ అంటుకోని నిప్పు

రెండో తలుపు: వెనక్కి రాలేని అడుగు. 1974లో టి. ఇ. హారిస్ ప్రతిపాదించిన కాంటాక్ట్ ప్రాసెస్ దీనికి మంచి ఉదాహరణ. మళ్లీ ఒక గళ్ల వరుస. కొన్ని గళ్లకు జబ్బు ఉంది, మిగతావి ఆరోగ్యంగా ఉన్నాయి. జబ్బు ఉన్న గడి 1 అనే రేటుతో కోలుకుంటుంది. కోలుకునేలోపు రెండు పక్కలకూ ఒక్కో పక్కకు ఇంత చొప్పున అంటిస్తూ ఉంటుంది, దాన్ని అంటు రేటు అందాం. జబ్బు దానంతటది ఎక్కడా పుట్టదు. అందుకే అన్ని గళ్లూ కోలుకున్న రోజు ఆట ముగిసినట్టే. లోపలికి వెళ్లే దారి ఉంది, బయటికి దారి లేదు. ఈ వీడియోను వెనక్కి నడిపితే అందరూ బాగున్న చోట ఉన్నట్టుండి జబ్బు ఊడిపడుతుంది. సమతాస్థితికి ఇంతకన్నా దూరంగా పోలేం.

అంటు రేటు ఎంతుంటే జబ్బు నిలుస్తుంది? తేలిక లెక్క ఒకటి ఉంది. జబ్బుగడి సగటున ఒక కాలమానం పాటు ఉంటుంది. ఆలోపు ఇద్దరు పొరుగులకు అంటిస్తుంది. కాబట్టి అంటు రేటు 0.5 దాటితే ఒకటి పోయేలోపు ఒకటికన్నా ఎక్కువ పుడతాయి, జబ్బు నిలుస్తుంది. వినడానికి ఎంతో సబబుగా ఉన్న ఈ లెక్క ఘోరంగా తప్పుతుంది. ఒకే వరుసలో అసలు హద్దు దాదాపు 1.649. మూడు రెట్లకు పైగా!

ఎక్కడ తప్పిందో చూడాలంటే ఒక గుంపును దగ్గర నుంచి చూడాలి. వరసగా ఎనిమిది గళ్లకు జబ్బు ఉందనుకోండి. ఒక్కోదానికి రెండు పక్కలు, మొత్తం పదహారు దిక్కుల్లో అంటించే ప్రయత్నం జరుగుతుంది. వాటిలో పద్నాలుగు ఇప్పటికే జబ్బు ఉన్న పొరుగు వైపు, అంటే వృథా. ఆరోగ్యంగా ఉన్న గళ్లను తాకేవి రెండు చివర్లలోని రెండే. కోలుకోవడం మాత్రం ఎనిమిదింటిలోనూ జరుగుతుంది. జబ్బు జబ్బు పక్కనే ఉంటుంది, ఎందుకంటే అది వచ్చింది అక్కడి నుంచే. ఈ చుట్టరికాన్ని మరచిపోయి, జబ్బుగళ్లు వరుసంతా చెల్లాచెదురుగా కలిసిపోయి ఉన్నాయని అనుకోవడమే తేలిక లెక్క చేసిన తప్పు.

ఇక్కడ ఒక చిక్కు కూడా ఉంది, దాన్ని దాటవేస్తే ఈ ప్రావస్థ మార్పు అర్థం కాదు. గళ్ల సంఖ్య పరిమితమైతే అంటు రేటు ఎంత ఎక్కువైనా జబ్బు ఒకనాటికి పోవాల్సిందే. అదృష్టవశాత్తూ అన్నీ ఒకేసారి కోలుకునే అవకాశం సున్నా కాదు, చాలాకాలం వేచి చూస్తే అది జరిగి తీరుతుంది. మరి జబ్బు నిలిచే ప్రావస్థ అంటే ఏమిటి? జవాబు ఆయుష్షులో ఉంది. హద్దుకు దిగువన గళ్లను పెంచుతూ పోతే జబ్బు ఆయుష్షు చాలా నెమ్మదిగా పెరుగుతుంది. గళ్లు పదింతలైన ప్రతిసారీ ఆయుష్షుకు ఇంచుమించు అంతే కాలం కలుస్తుంది. హద్దుకు ఎగువన మాత్రం పది గళ్లు చేర్చిన ప్రతిసారీ ఆయుష్షు ఇన్ని రెట్లని గుణిస్తూ పోతుంది. కొన్ని వందల గళ్లకే, హద్దుకు తగినంత పైన, అది ఊహకందనంత పెద్దదవుతుంది. ముగింపు రెండు వైపులా ఒకటే, కానీ అక్కడికి చేరే కాలంలో ఉన్న ఈ తేడాయే ప్రావస్థల మధ్య గీత.

హద్దు దగ్గరికి వచ్చేకొద్దీ జబ్బు సాంద్రత సున్నాకు పోతుంది, కానీ పోయే తీరు విచిత్రం. హద్దు నుంచి దూరం సగమైతే సాంద్రత సగం కాదు, 17 శాతమే తగ్గుతుంది. మళ్లీ దూరం సగం చేస్తే మళ్లీ 17 శాతం. చాలా దగ్గరికి వచ్చేదాకా బలంగా కనిపించి, చివర్లో నిలువునా కూలుతుంది. దీన్ని కొలిచే ఘాతాంకం, అంటే సాంద్రత ఆ దూరానికి ఎన్నో ఘాతంగా మారుతుందో చెప్పే అంకె, సుమారు 0.2765. సరిగ్గా హద్దు మీద ఉంటే జబ్బు నిలుస్తుందా, పోతుందా? పోతుందని 1990లో బెజుయిడెన్‌హౌట్, గ్రిమెట్ నిరూపించారు.

0.2765 మళ్లీ మళ్లీ ఎందుకు ఎదురవుతుంది

ఇప్పుడు జబ్బును వదిలి రాయిలోకి ఇంకే నీటిని చూద్దాం. సన్నని గొట్టాల వల ఉంది, ఒక్కో గొట్టం కొంత అవకాశంతో తెరిచి ఉంటుంది, నీరు కిందికే పోగలదు. దీన్ని డైరెక్టెడ్ పర్కొలేషన్ అంటారు. ఐమూలగా వాల్చిన చదరపు వలలో ఆ అవకాశం 0.6447 దాటితే నీరు ఎంత లోతుకైనా వెళ్లగలదు. కింది దిక్కును కాలం అనుకుంటే ఇది జబ్బు కథే: తడి ఆరిన వరుస నుంచి తడి మళ్లీ పుట్టదు. హద్దు విలువ వేరు, కానీ ఘాతాంకం అదే 0.2765.

ఈ పోలిక ఎంతదూరం పోతుందో 1981లో జాన్సెన్, 1982లో గ్రాస్‌బెర్గర్ ఊహించారు. తిరిగిరాని స్థితి ఒక్కటే ఉండి, ప్రభావాలు దగ్గరివాటికే పరిమితమై, వేరే సౌష్ఠవం ఏదీ లేకుండా, గళ్ల మధ్య శాశ్వతమైన తేడాలు లేకుండా, మార్పు దూకుడు లేకుండా సాగితే, లోపలి వివరాలు ఏవైనా సరే ఘాతాంకాలు ఇవే వస్తాయని వారి మాట. ఈ షరతుల్లో ఒకటి తప్పినా ఫలితం మారొచ్చు. తిరిగిరాని స్థితులు రెండుండి, అవి ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా ఉంటే ఘాతాంకాలు వేరు. 1986లో జిఫ్, గులారి, బర్షాద్ ఉత్ప్రేరకం మీద కార్బన్ మోనాక్సైడ్, ఆక్సిజన్ కలిసే తీరుకు రాసిన మోడల్‌లో రెండు హద్దులూ కనిపిస్తాయి. వచ్చే వాయువులో కార్బన్ మోనాక్సైడ్ వాటా సుమారు 0.39 కన్నా తక్కువైతే తలమంతా ఆక్సిజన్ కప్పేస్తుంది, ఈ మార్పు జాన్సెన్, గ్రాస్‌బెర్గర్ చెప్పిన కుటుంబంలోదే. సుమారు 0.525 దాటితే కార్బన్ మోనాక్సైడ్ కప్పేస్తుంది, అది దూకుడు మార్పు, ఆ కుటుంబానికి చెందదు.

కంప్యూటర్లలో ఇంత తేలిగ్గా దొరికిన ఈ ఘాతాంకాలు ప్రయోగశాలలో మాత్రం పాతికేళ్లు దొరకలేదు. నిజమైన పదార్థంలో 'ఎప్పటికీ పుట్టదు' అన్నది సాధించడం కష్టం, ఎక్కడో ఒక నిప్పురవ్వ తనంతట తాను రాజుకుంటుంది. 2007లో తకెఉచి, కురోడా, షాటే, సానో దీనికి లిక్విడ్ క్రిస్టల్‌ను ఎంచుకున్నారు. పలుచటి పొరకు విద్యుత్తు ఇస్తే అందులో రెండు రకాల అల్లకల్లోలం పుడుతుంది. రెండో రకం పక్కదానికి అంటుకుంటుంది, లేదా ఆరిపోతుంది, మొదటి రకంలోంచి దానంతటది పుట్టడం చాలా అరుదు. వోల్టేజీయే ఇక్కడ అంటు రేటు. పొర రెండు దిక్కుల్లో పరుచుకుంది కనుక రావాల్సిన ఘాతాంకం 0.58, కొలతలో వచ్చింది 0.59.

ఇంతకన్నా పాత కథ ఒకటి నీటి గొట్టంలో ఉంది. 1883లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ గాజు గొట్టంలో పారే నీటిలోకి రంగు వదిలి చూశారు. వేగం తక్కువగా ఉంటే రంగు దారంలా తిన్నగా పోయింది, ఎక్కువైతే సుడులు తిరిగి చెదిరింది. హద్దు దగ్గర మాత్రం సుడులు గొట్టమంతా కాకుండా అక్కడొక ముద్ద, ఇక్కడొక ముద్దగా వచ్చాయి. ఆ ముద్దకు రెండు దారులున్నాయని ఇప్పుడు తెలుసు: ఆరిపోవడం, లేదా రెండుగా చీలిపోవడం. జబ్బుగడికి ఉన్న రెండు దారులే! సుడుల పుట్టుకకు డైరెక్టెడ్ పర్కొలేషన్‌తో సంబంధం ఉండొచ్చని ఈవ్ పోమో 1986లోనే అన్నారు. 2011లో కెర్స్టిన్ అవిలా బృందం పొడవైన గొట్టాల్లో ఒక్కో ముద్ద ఎంతసేపు బతుకుతుందో, ఎంతసేపటికి చీలుతుందో విడివిడిగా కొలిచింది. వేగం, గొట్టం వ్యాసం, జిగట కలిపి లెక్కగట్టే రేనాల్డ్స్ సంఖ్య సుమారు 2040 దగ్గర ఆ రెండు కాలాలూ సమానమయ్యాయి. అంతకు పైన చీలిక గెలుస్తుంది, సుడులు నిలుస్తాయి. రెండు గోడల మధ్య, ఒక గోడను కదిలిస్తూ నడిపే ప్రవాహంలో ఘాతాంకాలే నేరుగా సరిపోయాయని 2016లో మరో బృందం చూపించింది.

ఎగిరే పక్షుల గుంపుల సంగతి కూడా ఈ వరసలోదే, క్లుప్తంగా చెబుతాను. 1995లో విచెక్ బృందం రాసిన మోడల్‌లో ప్రతి పక్షీ ఒకే వేగంతో ఎగురుతూ, దగ్గరివాటి సగటు దిక్కును కొంచెం పొరపాటుతో అనుసరిస్తుంది. సమతాస్థితిలో రెండు దిక్కుల తలం మీద ఇలా ఏ దిక్కుకైనా తిరగగల బాణాలన్నీ ఒకే వైపుకు సర్దుకోవడం కుదరదని 1966 నుంచీ తెలుసు. పక్షులు మాత్రం సర్దుకున్నాయి. అవి కదులుతాయి కనుక పొరుగు మారుతూ ఉంటుంది, వార్త వాటితో పాటే ఎగిరిపోతుంది. ఈ వివరణను 1995లోనే టోనర్, టూ సమీకరణాల్లో పెట్టారు. మార్పు మెత్తగా జరుగుతుందని మొదట అనుకున్నా, 2004లో గ్రెగోయిర్, షాటే ఇంకా పెద్ద గుంపుల్ని నడిపి చూస్తే చిక్కటి పట్టీలు ఏర్పడి, అది దూకుడు మార్పని తేలింది.

ఇన్నిచోట్ల ఎదురయ్యే 0.2765ను మాత్రం ఎవరూ చేత్తో సాధించలేదు. ఆన్సేగర్ అయస్కాంతాల ఘాతాంకం సరిగ్గా ఎనిమిదో వంతు. టాసెప్‌లో ప్రతి అంకె వెనకా ఒక సూత్రం ఉంది. వాటికన్నా నియమాలు క్లిష్టంగా ఏమీ లేని ఈ జబ్బు మోడల్‌కు, అదీ ఒకే వరుసలో, హద్దు 1.649 దగ్గర నుంచి ఘాతాంకాల దాకా ఉన్నవన్నీ కంప్యూటర్లు దశాంశాలు పెంచుకుంటూ పోయి ఇచ్చిన అంకెలే. అవి ఏదైనా భిన్నాలా, అసలు భిన్నాలే కావా అన్నది ఇంకా ఎవరూ తేల్చలేదు.